అభిమానులకి దొరకని ఆరడుగుల... కాదు, 380 అడుగుల హీరో!

హీరోని చూద్దామని పడుతూ లేస్తూ ఊటీ షూటింగుకి వెళ్తే, ఆయన గది తలుపే తియ్యలేదనుకోండి. ఎలా ఉంటుంది? ఉత్తర కాలిఫోర్నియా రెడ్‌వుడ్ నేషనల్ పార్కులో మాకు జరిగింది అదే!

ఇక్కడి హీరో పేరు హైపీరియన్. ప్రపంచంలోకెల్లా పొడుగైన చెట్టు. ఎత్తు దాదాపు 116 మీటర్లు. మన కుతుబ్ మినార్ నెత్తిన ఇంకో సగం కుతుబ్ మినార్ నిలబెట్టినా చాలదు! 2006లో దీన్ని కనిపెట్టినవాళ్లు చోటు మాత్రం గుట్టుగా ఉంచారు. అభిమానులు ఊరుకుంటారా? వెతుక్కుంటూ పోయి, ఫొటోలు దిగి, చుట్టూ మొక్కల్ని తొక్కి నాశనం చేశారు. ఇంత చెట్టుకీ వేళ్లు మూడు, నాలుగు మీటర్లకి మించి లోతుకి పోవు. పైపైనే పాకి, పక్క చెట్ల వేళ్లతో పెనవేసుకుని నిలబడతాయి. తొక్కితొక్కి నేల గట్టిపడితే వాటికి ఊపిరాడదు. దాంతో 2022లో పార్కువాళ్లు కొరడా తీశారు. అటు అడుగుపెడితే 5000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు!

"హీరో లేకుండా సినిమా ఏంటోయ్?" అని గొణిగాడు కారు నడిపిన మా బావ. అయినా పర్మిట్ చేతిలో ఉంది కదా అని టాల్ ట్రీస్ గ్రోవ్ బాట పట్టాం. సుమారు 800 అడుగులు దిగాలి. దిగుతుంటే హుషారే.

అడుగున వాగు ఒడ్డున ఆ చెట్లని చూశాక బావ నోట మాట లేదు. నేనూ మాట్లాడలేదు. పైకి చూస్తే మెడ పట్టేసిందే గానీ చివర కనపడలేదు. ఎండాకాలం ఇక్కడ వానలుండవు. సముద్రం మీంచి వచ్చే పొగమంచు ఆకులకి పట్టి, చుక్కలుగా రాలి నేలని తడుపుతుంది. ఆ తిండితో 2000 ఏళ్లు బతికినవి కూడా ఉన్నాయట!

ఇలాంటి పాత అడవిలో ఇవాళ మిగిలింది నూటికి ఐదు పాళ్లే. మిగతాదంతా కలప కింద పోయింది. 'రిటర్న్ ఆఫ్ ది జెడై' (1983) చూశారుగా? ఎలుగుబంటి పిల్లల్లాంటి బుల్లి వీరులు తిరిగే ఆ అడవిలో చాలా భాగం ఈ ప్రాంతంలోనే, పార్కు బయట ఓ కలప కంపెనీ నేలలో తీశారు. తర్వాత ఆ చెట్లు కొట్టేశారు. ఇప్పుడవి ఉన్నది తెరమీదే.

1960లలో ప్రపంచంలోకెల్లా పొడుగైనదని పేరు మోసిన చెట్టు కూడా ఈ తోపులోనే ఉంది. ఇప్పుడు ఆ కిరీటం లేదు, ఎగబడే జనమూ లేరు. ఆ మాజీ సూపర్‌స్టార్ ఉన్న తోపులోనే, మెతుకు కింద పడకుండా పులిహోర తిన్నాం.

తిరిగి ఎక్కేటప్పుడు కనపడింది అసలు సినిమా! పర్మిట్ ఉచితమే గానీ రోజుకి కొన్నే ఇస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి కారులో ఆరు గంటల దాకా పడుతుంది. మంచినీళ్లు మీరే మోసుకెళ్లాలి.