సున్నం సంగతి

మనవాళ్ళకి రాయి కనబడితేనే పాతదనం. గోడ తెల్లగా ఉంటే దానికి చరిత్ర లేనట్టే. పాత గోవాలో సెయింట్ ఫ్రాన్సిస్ ఆఫ్ అసీసీ చర్చి ముందు మా తోడల్లుడు నిలబడి, "ఇదేదో మొన్న కట్టినట్టుంది, ఎదురుగా ఉన్నదే నయం" అన్నాడు. ఎదురుగా ఉన్నది బామ్ జీసస్ చర్చి. ఎర్రటి రాయి, ఫొటోలకి బాగుంటుంది, జనమంతా అక్కడే.

ఫ్రాన్సిస్కన్ సన్యాసులు గోవాకి వచ్చింది 1517లో. 1521 నాటి తమ చర్చి స్థానంలో 1661లో ఇప్పుడున్నది లేపారు. మనవాళ్ళు పాత ఇల్లు పడగొట్టినా సింహద్వారం మాత్రం దాచుకున్నట్టు, పాత ద్వారబంధాన్ని తెచ్చి కొత్త గోడలో నిలబెట్టారు. వాళ్ళమీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

లోపల బలిపీఠమంతా బంగారు పూత. అసీసీ ఫ్రాన్సిస్ విగ్రహం కింద ఆయన పట్టిన మూడు వ్రతాలూ చెక్కారు: పేదరికం, వినయం, విధేయత. అంత బంగారం మధ్య పేదరికం అన్న మాట చదవడానికి కాస్త గుండె దిటవు కావాలి. కింద పరిచిన పలకలన్నీ సమాధి రాళ్ళే. వంశ చిహ్నాలు చెక్కిన ఆ రాళ్ళని తొక్కకుండా నడవాలని మా తోడల్లుడు తొక్కుడుబిళ్ళ ఆడినంత పని చేశాడు.

1835లో, గోవాని ఏలుతున్న పోర్చుగల్ ప్రభుత్వమే మఠాల్ని మూసేసింది. సన్యాసులు పోయారు. వాళ్ళ మఠంలో 1964 నుంచి పురావస్తు శాఖ మ్యూజియం. కదంబుల నాటి వీరగల్లులు, పోర్చుగీసు గవర్నర్ అల్బుకర్క్ కంచు విగ్రహం, మేడ మీద గవర్నర్లూ వైస్రాయ్‌ల చిత్రపటాలు. పేదరికం వ్రతం పట్టినవాళ్ళ ఇంట్లో చివరికి కాపురం పెట్టింది వీళ్ళు.

అసలు చెప్పాల్సింది సున్నం గురించి. గోవాలో గోడలు కట్టేది లేటరైట్ రాయితో. గుల్లబారిన రాయి, నీళ్ళు పీల్చేస్తుంది. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట దానికి సున్నపు పూతే గొడుగు. సముద్రపు గవ్వలూ ఆల్చిప్పలూ కాల్చి చేసిన సున్నం. ఎదురుగా ఉన్న బామ్ జీసస్‌కీ ఒకప్పుడు ఆ పూత ఉండేది. 1950లలో రాయి కనిపిస్తే అందమని గీకేశారు. ఇప్పుడా రాయి ఏటేటా వానకి అరిగిపోతోంది. మా తోడల్లుడు మెచ్చిన పాతదనం అదీ!

మన కోస్తాలోనూ గుల్ల సున్నమే కదా. గానుగలో ఎద్దుల్ని తిప్పి, ఇసకతో కలిపి నూరి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి నానబెట్టేవారు. మా తాతగారి ఇంటి గోడలు అలాంటివే. అరచెయ్యి పెడితే వేసవిలోనూ చల్లగా తగిలేవి. లోపలి చెమ్మ బయటికి పోవడానికి దారి ఉండేది. సంక్రాంతి ముందు వెల్ల వేస్తే ఇంకో ఏడాదికి ఢోకా లేదు.

మా బాబాయి వాటిని గీకించి సిమెంటు పూయించాడు. చెమ్మ లోపలే ఉండిపోయి, రెండు వానాకాలాలకే గోడ పొక్కులు లేచింది. దాని మీద ప్లాస్టిక్ పెయింటు వేయించాడు. అదీ పొరలుపొరలుగా ఊడింది. సున్నం మాట నేనెత్తితే, "నీకు పాత వాసన అంటే ఇష్టం, ఉండేది మేము" అన్నాడు. నేను ఊరుకోలేదు. ఆ పండక్కి మేమిద్దరం ఎడమొహం పెడమొహంగానే భోంచేశాం. కిందటిసారి వెళ్ళేసరికి చెమ్మ కనబడకుండా ఛాతీ ఎత్తు దాకా టైల్స్ అంటించాడు. స్నానాల గదిలో వేసే రకం, గులాబీ పూలవి. పైగా షాపువాడు డిస్కౌంటు ఇచ్చాడని పిన్ని నన్ను గదిగదికీ తిప్పి చూపించింది.