ఖలీ కార్డు, నోట్‌బుక్ అట్ట

మన గ్రూపులో నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ ముచ్చట్లు, కటాఫ్ మార్కులే ఎక్కువ. నేను రాసేది ఒక ఆట గురించి. కొంచెం పెద్దగానే ఉంటది. చదువుకునే పనున్నోళ్లు దాటేసి పోండి, ఏమీ అనుకోను.

మాది డోంగ్లి పక్కన తాండా. ఇప్పుడంటే డోంగ్లి మండలం అయింది గానీ, నేను చదువుకునే రోజుల్లో మద్నూర్ మండలంలో ఒక ఊరు. బజారు పని ఏదున్నా మావోళ్లు దెగ్లూర్ పోతరు. 2010లో నేను ఆరో తరగతి, హాస్టల్‌లో ఉన్న. చెరుకు కొట్టడానికి పోయి తిరిగొచ్చిన మా బాపు ఆ ఏడు దెగ్లూర్‌లో నాకు డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డుల కట్ట కొనిచ్చిండు. అందులో ఖలీ ఉన్నడు.

ఆ కార్డులు చూడనోళ్ల కోసం చెప్తున్న. ఒక్కో కార్డు మీద ఒక ఫైటర్ బొమ్మ, కింద ర్యాంకు, హైటు, వెయిటు, ఛాతి, బైసెప్స్ లెక్కలు. ఒకడు "హైట్" అంటే అందరూ ఒక్కో కార్డు పడేయాలె. ఎవనిది ఎక్కువుంటే అన్నీ వానికే, తర్వాత పిలుపు కూడా వానిదే. ర్యాంకు ఒక్కటి మాత్రం తక్కువున్నోడు గెలుస్తడు. అసలు ఆటలో కట్టంతా పంచి పైకార్డే ఆడాలె. మా హాస్టల్‌లో ఎవని కార్డులు వానివి, చేతిలో నచ్చింది తీసి వేసుకునుడే. గెలిచిన కార్డులు వాపస్ ఇచ్చుడు లేదు.

ఖలీది మా కార్డుల్లో అందరికంటే పెద్ద హైటు. పైగా మనోడు, హిమాచల్ నుంచి పోయినోడు. 2007 జూలైలో 20 మంది బ్యాటిల్ రాయల్‌లో గెలిచి వరల్డ్ ఛాంపియన్ అయిండు. ఆ కార్డు చేతిలో ఉంటే హాస్టల్‌లో నడక వేరే ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలె.

కానీ మొదటి వారంలోనే సగం కార్డులు పోగొట్టుకున్న. ఎట్లంటే, ఇద్దరే ఆడినప్పుడు ఖలీ గెలిపిస్తడు. నలుగురు కూచుంటే లెక్క మారిపోతది. నా దగ్గర ఖలీ ఉన్నడని ముగ్గురికీ తెలుసు. వాళ్లలో ఎవడూ "హైట్" అనడు. బిగ్ షో ఉన్నోడు "వెయిట్" అంటడు, మిగతా ఇద్దరు కావాలని పనికిరాని కార్డులు పడేస్తరు. పిలుపు వాళ్ల మధ్యనే తిరుగుతది, నా దాకా రాదు. ఒకవేళ వచ్చి నేను ఖలీని తీస్తే, ముగ్గురూ చివరి ర్యాంకు కార్డులు వేసి నవ్వుతరు. గెలిచింది నేను, నాకొచ్చింది చెత్త. బ్యాటిల్ రాయల్‌లో కూడా అంతే కదా, బరిలో పెద్దోడెవడో చూసి ముందు అందరూ కలిసి వాన్నే తాడు మీంచి బయట పడేస్తరు.

తర్వాత నేర్చుకున్న. ఖలీని అడుగున పెట్టి, పోయినట్టు ముఖం పెట్టి, ముగ్గురినీ వాళ్లలో వాళ్లు కొట్టుకోనిచ్చేది. ఇద్దరం మిగిలినంక తీసేది. అట్ల చాలామందివి గుంజుకున్న.

మా పక్క తాండా దోస్తు ఒకడుండె, ఒకే ట్రంకు పెట్టెకు ఇద్దరం తాళం వేసేటోళ్లం. ఉన్న పన్నెండు కార్డులూ నాకే ఓడిపోయిండు. కొనడానికి పైసలు లేవు. రెండ్రోజుల తర్వాత నోట్‌బుక్ అట్ట కత్తిరించి, బ్లూ పెన్నుతో కార్డులు గీసుకొని వచ్చిండు. లెక్కలన్నీ కరెక్టే రాసిండు, ఒక్కటి కూడా పెంచుకోలేదు. అందులో ఖలీ కూడా ఉన్నడు, జుట్టు బాగానే గీసిండు. మిగతా ఇద్దరూ "ఆడనీరా" అన్నరు. నేనే "ఇవి ఒరిజినల్ కావు, నడవయ్" అన్న. వాడు ఏమనలేదు. అట్టముక్కలు జేబులో పెట్టుకొని పోయి కిటికీ దగ్గర కూచున్నడు. ఏడో తరగతి సగంలో చదువు మానేసిండు. అది కార్డుల వల్ల కాదు, వాళ్ల ఇంటి సంగతులు వేరే. కానీ వాడు పోయినప్పుడు వాని పన్నెండు కార్డులు నా దగ్గరనే ఉండిపోయినయి.

ఇప్పుడు హైదరాబాద్ సంగతి. రూమ్మేట్లు మ్యాజిక్ ది గ్యాదరింగ్ ఆడతరు. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే లెక్కల సారు తయారు చేస్తే 1993లో వచ్చిన ఆట. అందులో కమాండర్ అని ఒక పద్ధతుంది: మామూలుగా నలుగురు, ఒక్కొక్కరికి 100 కార్డులు, 40 ప్రాణాలు, మామూలు ల్యాండ్ కార్డులు తప్ప ఏ కార్డూ రెండుసార్లు ఉండొద్దు. మొదటి రోజే నాకు హాస్టల్ గుర్తొచ్చింది. నా 40 ప్రాణాలకు ఎదురుగా 120. నేను ఒక కార్డు ఖర్చుపెట్టి ఒకని కార్డు తీసేస్తే మా ఇద్దరికీ ఒక్కోటి పోయింది, మిగతా ఇద్దరు పైసా ఖర్చు లేకుండా బాగుపడ్డరు.

సోల్ రింగ్ అనే కార్డుంది. ఒక మానా పెట్టి దింపితే ప్రతి టర్నూ రెండు ఇస్తది. మొదటి టర్న్‌లోనే అది దింపితే ముగ్గురి తలలూ నీ దిక్కే తిరుగుతయి. ఆ తర్వాత నీకు మంచి కార్డులు రాకపోయినా దెబ్బలు మాత్రం నీకే. నేనైతే చేతిలో ఉన్నా ఒక్కోసారి దింపను, తోటోళ్లు పిచ్చోడంటరు. అయినా కొన్ని కార్డులు ముగ్గురు కలిసినా ఆగవు. 2024 సెప్టెంబర్ 23న మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్ లాంటివి నిషేధించిన్రు. అవి బాగా ఖరీదైనవి, కొనుక్కున్నోళ్లు కోపంతో కమిటీలో ఉన్న వాలంటీర్లను బెదిరించే దాకా పోయిన్రు. వారం తిరిగేసరికి ఆ కమిటీ బాధ్యతను కంపెనీకే అప్పజెప్పింది. సోల్ రింగ్‌ను మాత్రం ముట్టలేదు. దాదాపు ప్రతి రెడీమేడ్ డెక్‌లో అది ఉంటది, అందరి దగ్గరా ఉన్నదాన్ని బలమనరేమో.

నా డెక్ మొత్తం కలర్ జిరాక్స్. మొదటి రోజు భయపడుకుంటనే టేబుల్ మీద పెట్టిన. "ప్రాక్సీ అయినా ఓకే బ్రో, కూచో" అన్నరు. ఇట్లాంటి కార్డుకు ఒక పేరు కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది. కూచున్న గానీ ఆ ఆటలో నేనేం ఆడిన్నో నాకు గుర్తు లేదు.

2025 హోళీకి తాండాకు పోయినప్పుడు మా యాడి దాచిన పెట్టె వెతికితే పాత కట్ట దొరికింది. ఎలుకలు కొన్ని కొరికినయి. వాని పన్నెండింటిలో తొమ్మిది ఉన్నయి. అవి, నా ఖలీ, మ్యాజిక్ డెక్కులు రెండు పట్టుకొని వాళ్ల తాండాకు పోయిన. వాడు ట్రాక్టర్ నడుపుతున్నడు, ఇద్దరు పిల్లలు. కార్డులు చేతిలో పెడితే ఒక్కొక్కటీ తిప్పి చూసి, "మూడు తక్కువున్నయ్‌రా" అన్నడు. పదిహేనేండ్లయినా లెక్క మరువలేదు. ఖలీని మాత్రం వాపస్ ఇచ్చిండు, "ఇది నాది కాదు" అని.

చీకటి పడేదాకా మంచం మీద మ్యాజిక్ నేర్పించిన. వానికి సోల్ రింగ్ తొందరగనే వచ్చింది, కానీ దింపలేదు. నేను మంచి కార్డులన్నీ పెట్టి అలిసినంక తీసిండు. కార్డును లైటుకు పట్టి చూసి అడిగిండు:

"ఇది ఒరిజినలేనా?"

"కాదు, జిరాక్స్."

"మరి నడుస్తదా?"

నడుస్తదన్న. ఏదో అనబోయి ఊకున్నడు, తర్వాత నవ్విండు. ఆ ఆట నేనే ఓడిపోయిన.

వచ్చే పండక్కి మళ్లీ పోతున్న. మేము ఇద్దరమే, ఆటకు నలుగురు కావాలె. డోంగ్లి, మద్నూర్, బిచ్కుంద దిక్కు ఎవరైనా ఉంటే కామెంట్‌లో చెప్పండి. కార్డులు లేకపోతే అట్ట మీద రాసుకొని రండి.