కొండ కింద కూర్చుని కడలి జాతకం

ఉగాది పచ్చడి తిని, ఈ ఏడు మేఘాధిపతి ఎవరో, వాన ఎన్ని ఆఢకాలో పంతులుగారు చదువుతుంటే బుద్ధిగా తలలూపుతాం కదా? ఇంచుమించు ఆ రోజుల్లోనే అమెరికాలోనూ ఏటా ఒక పంచాంగం వెలువడుతుంది. చదివేది గుడి మంటపంలో కాదు, కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో. రాబోయే కాలంలో అట్లాంటిక్ సముద్రంలో పేరు పెట్టదగ్గ తుఫాన్లు ఎన్ని పుడతాయి, అందులో హరికేన్లు అయ్యేవెన్ని, వాటిలో మరీ భీకరమైనవెన్ని అని అంకెలతో సహా చెప్పేస్తారు. టీవీ వాళ్లు వింటారు, బీమా కంపెనీల వాళ్లు వింటారు, ఫ్లోరిడాలో ఇల్లు కొనుక్కున్న మన తెలుగు పిల్లలూ వింటారు.

ఇందులో చిత్రమేమిటంటే, ఆ యూనివర్సిటీ ఉన్న ఫోర్ట్ కాలిన్స్‌కి సముద్రం ఊసే లేదు. రాకీ పర్వతాల పాదాల దగ్గరుంటుంది. హరికేన్ అక్కడికి చుట్టపుచూపుగా కూడా రాదు. సముద్రం జాతకం కొండ కింద కూర్చుని రాస్తున్నారన్నమాట.

ముందు లెక్కల సంగతి చూద్దాం. అట్లాంటిక్ హరికేన్ సీజన్ జూన్ 1న మొదలై నవంబర్ 30తో ముగుస్తుంది. సెప్టెంబర్ 10 ప్రాంతంలో అది మంచి ఊపు మీదుంటుంది. గాలి వేగం గంటకి 63 కిలోమీటర్లకి చేరితే పేరు పెడతారు. 119 దాటితే హరికేన్. 178 దాటితే పెద్ద హరికేన్. ఏడాదికి సగటున 14 పేర్లు, 7 హరికేన్లు, 3 పెద్దవి. ఈ మూడంకెలు గుర్తుపెట్టుకోండి, మిగతా కబుర్లన్నీ వీటి చుట్టూనే.

ఈ పంచాంగానికి ఆద్యుడు బిల్ గ్రే అనే మాస్టారు. 1961లో ఆ యూనివర్సిటీలో చేరాడు. ప్రపంచంలోని సముద్రాలన్నిటినీ ముందు పెట్టుకుని తుఫాన్లు ఎక్కడ పుడతాయి, ఎక్కడ పుట్టవు, ఎందుకు పుట్టవు అని 1968లో పెద్ద వ్యాసం రాశాడు. తుఫాను పుట్టాలంటే పైనీళ్లు 26 డిగ్రీలు దాటి వెచ్చగా ఉండాలి. గాలిలో తేమ చాలా ఎత్తువరకూ ఉండాలి. భూమధ్యరేఖకి మరీ దగ్గరైతే గాలి సుడి తిరగదు కాబట్టి కాస్త దూరంగా ఉండాలి. ఇవన్నీ ఉన్నా ఇంకొక్కటి కుదరాలి. అసలు కిటుకంతా అందులోనే ఉంది. కింద సముద్రమట్టం దగ్గర గాలి ఒక దిక్కుకీ, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున ఇంకో దిక్కుకీ జోరుగా వీస్తోందనుకోండి. నిలువునా లేవాల్సిన మేఘాల దొంతర పక్కకి ఒరిగిపోతుంది. నడిమధ్యన పోగవ్వాల్సిన వేడి పైన చెదిరిపోతుంది. గుండం కట్టదు. ఈ పై గాలికీ కింది గాలికీ మధ్య తేడానే విండ్ షియర్ అంటారు.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకోకండి. జులై, ఆగస్టుల్లో బంగాళాఖాతం చల్లగా ఉంటుందా? ఉండదు. తేమకి కరువా? లేదు. అయినా ఆ నెలల్లో మనకి అల్పపీడనాలూ వాయుగుండాలే తప్ప పెద్ద తుఫాన్లు దాదాపు రావు. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖని ఊడ్చేసింది. మన తుఫాన్లు అయితే ఎండాకాలంలో, లేకపోతే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. నడుమ నైరుతి రుతుపవనం ఉంది చూశారూ, దాని గాలి కింద పడమటి నుంచి వీస్తుంటే, పైన తూర్పు నుంచి ఇంకో గాలి ఈడ్చి కొడుతుంది. ఆ లాగుడులో గుండం నిలదొక్కుకోలేదు. మన మత్స్యకారులకి ఏ నెలలో వల ఒడ్డున పెట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎందుకో తెలియాలంటే మాత్రం గ్రే మాస్టారి వ్యాసం దాకా వెళ్లాలి.

ఇక జోస్యం. ఏ ఏడు అట్లాంటిక్ మీద ఈ షియర్ ఎక్కువగా ఉంటుందో ముందే తెలిస్తే హరికేన్ల సంఖ్య కొంతవరకు ముందే చెప్పొచ్చు కదా? తెలిసేదెలా? గ్రే చూపు పసిఫిక్ మీద పడింది. పెరూ దేశం ముందున్న నీళ్లు కొన్నేళ్లకోసారి వేడెక్కుతాయి, అదే ఎల్ నినో. అప్పుడు వాన మేఘాలు పసిఫిక్‌లో తూర్పుకి జరుగుతాయి. వాటి ధాటికి కరీబియన్ మీద, ఉష్ణమండల అట్లాంటిక్ మీద పై గాలులు పడమటి నుంచి ముదురుతాయి. షియర్ పెరిగి హరికేన్లు తగ్గుతాయి. ఎక్కడో పెరూ నీళ్ల వేడి చూసి ఫ్లోరిడా భవిష్యత్తు చెప్పొచ్చన్నమాట. ఆ ధైర్యంతోనే 1984లో గ్రే మొదటి జోస్యం వెలువరించాడు.

ఎల్ నినో అనగానే మన రైతు గుండె గుభేలుమంటుంది. మనకి వాన ఎగ్గొట్టేదీ అదే, ఫ్లోరిడాకి ఊపిరిపోసేదీ అదే. 2009 చూడండి. మన దేశంలో నైరుతి వానలు 22 శాతం లోటు. అదే ఏడు అట్లాంటిక్‌లో 9 పేర్లు, 3 హరికేన్లతో సరి.

ఇక్కడో ముక్క చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. పసిఫిక్‌కీ మన సముద్రానికీ మధ్య లంకె ఉందని లెక్కలు కట్టి తేల్చింది అమెరికాలో కాదు, మన దేశంలోనే. కేంబ్రిడ్జిలో గణితం చెప్పుకునే గిల్బర్ట్ వాకర్ 1904లో భారత వాతావరణ శాఖకి అధిపతిగా వచ్చాడు. అంతకు కొన్నేళ్ల ముందే, 1899లో, వానలు మొహం చాటేసి ఘోరమైన కరువొచ్చింది. అప్పటి జోస్యం తలకిందులైంది. వాకర్ ప్రపంచం నలుమూలల నుంచి వాతావరణ పీడనం లెక్కలు తెప్పించి, భారతీయ గుమాస్తాలతో చేత్తోనే లెక్కలు వేయించాడు. పసిఫిక్‌లో పీడనం ఎక్కువైతే హిందూ మహాసముద్రంలో తగ్గుతుంది, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతుంది అని తేలింది. మన వానల కోసం వెతుకుతుంటే దొరికిన ఆ ఊగులాటనీ, ఎల్ నినోనీ ముడిపెట్టి 1969లో బ్యర్క్‌నెస్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. ఆ తరవాత పదిహేనేళ్లకి గ్రే దాన్ని హరికేన్లకి తగిలించాడు. ఆ గుమాస్తాల పేర్లు హరికేన్ పుస్తకాల్లో అంతగా కనపడవు. నాకది లోటుగానే అనిపిస్తుంది.

గ్రే 2016లో పోయాడు. ఆయన శిష్యుడు ఫిల్ క్లాట్జ్‌బాక్ అప్పటికి పదేళ్లుగా ఈ పని నెత్తిన వేసుకుని నడుపుతున్నాడు. లెక్క ఎలా కడతారంటే, సముద్రం వేడి, పీడనం, గాలులు చూసి పాత ఏళ్లతో పోల్చిన సమీకరణాలు కొన్ని. యూరప్ వాళ్ల కంప్యూటర్ నమూనాలు కొన్ని. ఇవి కాక, ఈ ఏప్రిల్‌లో సముద్రం ఎలా ఉందో ఇంచుమించు అలాగే ఉన్న పాత సంవత్సరాలేవో ఏరి, అప్పుడేం జరిగిందో చూస్తారు. 2024కి ఏరిన పాత ఏళ్లలో 1878 కూడా ఉంది. ఉపగ్రహాల మాట అటుంచండి, విమానం పుట్టకముందు సంగతి అది. ఓడల వాళ్ల రాతల మీద ఆధారపడాలి.

అయినా ఏప్రిల్‌లో చెప్పడం కష్టమే. పసిఫిక్ ఎటు మొగ్గుతుందో వసంతంలో దానికే తెలియదు. అందుకే జూన్, జులై, ఆగస్టుల్లో మళ్లీ మళ్లీ దిద్దుతారు. అమెరికా ప్రభుత్వం వారి నోవా సంస్థ 1998 నుంచి మేలోనూ ఆగస్టులోనూ తన లెక్క చెబుతుంది. అది గడుసుది, ఒక్క అంకె చెప్పదు. 2024లో "17 నుంచి 25 పేర్లు" అంది. మీరు నవ్వుతారని తెలుసు గానీ, నన్నడిగితే ఆ గడుసుతనంలోనే నిజాయితీ ఎక్కువ. ఒక్క అంకె చెప్పేవాడికి తెలిసిందీ అంతే, చెప్పే తీరులోనే తేడా.

తప్పిన సందర్భాలు చెప్పకపోతే కబుర్లు సగమే. 2006లో 17 పేర్లు, 9 హరికేన్లు అన్నారు. నడివేసవి దాటాక ఎల్ నినో చెప్పాపెట్టకుండా దిగింది, లెక్క 10కీ 5కీ పడిపోయింది. 2013 ఇంకా ఘోరం. 18 పేర్లు, 9 హరికేన్లు, అందులో 4 పెద్దవని కొలరాడో వాళ్లు చెప్పారు. వచ్చినవి రెండే హరికేన్లు, అవీ గాలి వేగాన్ని బట్టి వేసే మెట్లలో అడుగు మెట్టువే. పెద్దది ఒక్కటీ లేదు. ఎల్ నినో కూడా లేదు సాకుగా చెప్పుకోడానికి. నీళ్లు వెచ్చగానే ఉన్నాయి గానీ గాలి పొడిబారిపోయింది.

2024 కథ వేరు. ఏప్రిల్‌లో 23 పేర్లు, 11 హరికేన్లు, 5 పెద్దవి అని చెప్పారు. అంతకుముందు ఏ ఏప్రిల్‌లోనూ వాళ్లు అంత పెద్ద అంకె వేయలేదు. జులై మొదట్లోనే బెరిల్ అయిదో మెట్టుకెక్కింది, అంత తొందరగా ఆ మెట్టెక్కిన హరికేన్ అట్లాంటిక్‌లో మరోటి లేదు. అందరూ "చెప్పారు చెప్పినట్టే" అన్నారు. ఆగస్టు 12న ఎర్నెస్టోకి పేరు పెట్టారు. ఇక ఆ తరవాత చూడండి, సముద్రం నోరు మూసేసింది. ఒక వారం, రెండు వారాలు, మూడు. మామూలుగా ఒకదాని వెనక ఒకటి తరుముకొచ్చే రోజులవి. ఆఫ్రికా ఒడ్డు నుంచి గాలి అలలు వస్తున్నాయి గానీ మరీ ఉత్తరంగా, ఎడారి పక్కగా వచ్చి చతికిలపడుతున్నాయి. "పాతికన్నారు, ఏవీ?" అని ఎద్దేవా మొదలైంది. సెప్టెంబర్ మొదట్లో కొలరాడో వాళ్లు ఎందుకు ఆగిపోయిందో వివరిస్తూ కాగితం రాయాల్సొచ్చింది. సెప్టెంబర్ 9న గానీ ఫ్రాన్సీన్ పుట్టలేదు. సెప్టెంబర్ 26 రాత్రి హెలీన్ ఫ్లోరిడా తీరం దాటింది. అక్టోబర్ 9న మిల్టన్ వచ్చింది. నవంబర్ చివర లెక్క చూస్తే 18 పేర్లు, 11 హరికేన్లు, 5 పెద్దవి. పేర్లు తప్పాయి, మిగతా రెండంకెలూ అచ్చు గుద్దినట్టు సరిపోయాయి.

సరే, ఇంతకీ నాకు వీళ్ల మీద గౌరవం ఎందుకంటే, అంకె కుదిరినందుకు కాదు. ఏటా సీజన్ అయిపోగానే ఏం చెప్పాం, ఏం జరిగింది అని పక్కపక్కన పెట్టి వాళ్లే అచ్చేస్తారు. స్ట్రాటోస్ఫియర్‌లో దిశ మార్చుకునే గాలి ఒకటుంది, గ్రే దాన్ని బాగా నమ్ముకున్నాడు. తరవాతి ఏళ్లలో అది పనిచేయడం మానేస్తే లెక్కలోంచి తీసేశారు. ఒకప్పుడు డిసెంబర్‌లోనే మరుసటేడు అంకెలు చెప్పేవాళ్లు. 2011 చివర కూర్చుని ఇరవయ్యేళ్ల మార్కులు వేసుకుంటే, ఆ డిసెంబర్ జోస్యానికి బొత్తిగా పస లేదని తేలింది. ఆ మాటే రాసి, అంకెలు చెప్పడం ఆపేశారు. జోస్యం చెప్పి పబ్బం గడుపుకునేవాళ్లెవరైనా అలా చేయగా మీరు చూశారా?

కానీ ఒకటి. ఆ అంకె సముద్రానిది, మన గుమ్మానిది కాదు. 1992 మందకొడి ఏడు. మొదటి పేరు పడేసరికే ఆగస్టు వచ్చింది. ఆ మొదటి పేరు ఆండ్రూ. ఆగస్టు 24న మయామి దక్షిణాన హోమ్‌స్టెడ్‌ని నేలమట్టం చేసింది. 2010లో అట్లాంటిక్‌లో 12 హరికేన్లు పుడితే అమెరికా నేల మీద ఒక్కటీ హరికేన్‌గా అడుగుపెట్టలేదు. 2025లోనూ అమెరికాకి ఏ హరికేనూ తగల్లేదు. అలాగని అది చల్లని ఏడా అని జమైకా వాళ్లనడగండి. అక్టోబర్ 28న మెలిసా గంటకి 300 కిలోమీటర్లకి దగ్గరైన గాలితో వాళ్ల మీద విరుచుకుపడింది. హెలీన్ అయితే ఒడ్డున చేసింది ఒక ఎత్తు, వందల కిలోమీటర్లు లోపలికెళ్లి నార్త్ కరొలైనా కొండల్లో ఆష్‌విల్‌ని ముంచింది ఒక ఎత్తు. మొత్తమ్మీద 200 మందికి పైగా పోయారు.

ఇది మనకి కొత్త పాఠమేమీ కాదు లెండి. ఇందాక 2009 కరువని చెప్పానే, ఆ ఏడే అక్టోబర్ మొదట్లో తుంగభద్ర, కృష్ణ పొంగి కర్నూలు ఊరు ఊరంతా మునిగింది. ఏడాది మొత్తం లెక్కలో లోటు, ఇంట్లో నడుంలోతు నీళ్లు.

కాకినాడ నుంచి ఒక తల్లి టాంపాలో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి, "ఏరా, ఈసారి పాతిక తుఫాన్లట, టీవీలో చెప్పారు, నాలుగు నెలలు ఇక్కడికొచ్చెయ్యకూడదూ?" అంటే, "అమ్మా, అవన్నీ మా ఇంటికి రావే" అని వాడు నవ్వుతాడు. ఇద్దరూ సరైన ప్రశ్న అడగలేదు. పాతికా అయిదా అన్నది వదిలేయండి. మీ ఇల్లు ఏ ఇవాక్యుయేషన్ జోన్‌లో ఉందిరా అని అడగండి. ఫ్లోరిడా తీరం కౌంటీల్లో ఉప్పెన ముప్పుని బట్టి ఎ, బి, సి అని జోన్లు గీసి ఉంటాయి. ముందు ఖాళీ చేయమనేది ఎ వాళ్లని. హ్యూస్టన్‌లో ఉంటే ఫ్లడ్ ఇన్సూరెన్స్ తీసుకున్నావా అని అడగండి. 2017లో హార్వీ వానకి అక్కడ మునిగిన ఇళ్లలో చాలావాటికి అది లేదు. మామూలు ఇంటి బీమా గాలికి ఎగిరిన కప్పుకి ఇస్తుందేమో గానీ, వరద నీటికి ఇవ్వదు. ప్రభుత్వ వరద బీమా కొన్న రోజే పనికి రాదు, కొన్ని మినహాయింపులు తప్పిస్తే అమల్లోకి రావడానికి 30 రోజులు పడుతుంది. సీజన్ జూన్ 1న మొదలు కాబట్టి, ఏప్రిల్ దాటకుండా తీసుకోమని చెప్పండి.