గెలిచినవాళ్ళనే లెక్కపెడితే

జూన్‌లో తొలకరి పడితే చాలు, తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో వజ్రాలు వెతికేవాళ్ళు దిగుతారు. వానకు పైమన్ను కొట్టుకుపోయి రాళ్ళు తేలతాయి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచే కాదు, అనంతపురం, బళ్ళారి వైపు నుంచి కూడా జనం వచ్చి చెట్ల కింద, గుడి అరుగుల మీద పడుకుంటారు. కూలి మానుకుని పొద్దంతా నడుం వంచి నేలనే చూస్తుంటారు. ఎవరో ఒకరికి రాయి దొరుకుతుంది, మర్నాడు అది పేపర్లో వస్తుంది. ఉత్త చేతులతో తిరిగిపోయినవాళ్ళ సంగతి ఏ పేపరూ రాయదు. పత్తికొండ వైపు పనిచేసిన రోజుల్లో వాళ్ళలో కొందరు విరేచనాలతోనో, లేవనివ్వని నడుంనొప్పితోనో నా ఓపీకి వచ్చేవాళ్ళు.

ఆ వెతుకులాటను నేను తప్పుపట్టను. దొరక్కపోతే పోయేది నాలుగు రోజుల కూలి. కానీ గెలిచినవాళ్ళను మాత్రమే లెక్కపెట్టే ఈ అలవాటు పాముకాటు దగ్గరికి వచ్చేసరికి ప్రాణం తీస్తుంది.

రాత్రి మోటారు వేయడానికి చేనికి పోయిన కుర్రవాణ్ణి తెల్లవారాక ఆటోలో తెచ్చారు. "పురుగు ముట్టింది సార్" అన్నాడు వెంట వచ్చిన చిన్నాయన. మోకాలి కింద పాత పంచె పీలికతో బిగించి కట్టారు. కాలు నల్లగా వాచింది, చిగుళ్ళలో రక్తం, నోట్లో పసరు వాసన. ఇంతసేపు ఎందుకు ఆగారంటే ఆ చిన్నాయన ఏమాత్రం తడబడకుండా చెప్పాడు: "పోయినేడు మా ఊళ్ళోనే ముగ్గురికి పసరు పోసినాడు సార్ ఆయప్ప. ముగ్గురూ లేచి తిరుగుతాండారు."

అబద్ధం కాదు. తిరుగుతూనే ఉంటారు. మన చేలల్లో కరిచే పాముల్లో చాలావాటికి అసలు విషమే లేదు. నాగుపాము, కట్లపాము, పింజరి లాంటి విషప్పాములు కూడా ఒక్కోసారి కోర దింపి విషం వదలకుండా పోతాయి. అలాంటివాళ్ళకు పసరు పోసినా, మజ్జిగ పోసినా, ఏమీ పోయకపోయినా బతుకుతారు. పేరు మాత్రం పసరుకు వస్తుంది. నిజంగా విషం ఎక్కినవాడికి పసరు పనిచేయదు, వాడిని ఆఖరి గంటలో ఆసుపత్రికి తెస్తారు, వాడు మా మంచం మీద పోతాడు. ఊరి లెక్కలో ఆ చావు ఆసుపత్రి ఖాతాలో పడుతుంది. పసరు పోసేవాడి చిట్టాలో నష్టం అన్న మాటే ఉండదు.

రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి శుభ్రంగా ఆరబెట్టిన గాజు గొట్టంలో పోసి కదల్చకుండా నిలబెట్టాం. గాజుదే కావాలి, ప్లాస్టిక్ పనికిరాదు. ఇరవై నిమిషాల తర్వాత ఒక్కసారి వంచి చూస్తాం. మామూలు రక్తమైతే గడ్డకట్టి గొట్టం అడుగునే ఉంటుంది. వీడిది నీళ్ళలా అంచుదాకా జారింది. చిన్నాయన నా పక్కనే నిలబడి చూశాడు. మరి పసరు మాట ఎత్తలేదు.

పది వయల్స్ విషం విరుగుడు ఎక్కించాం. దాన్ని గుర్రాల రక్తం నుంచి తయారుచేస్తారు కాబట్టి కొందరికి రియాక్షన్ వచ్చి బీపీ పడిపోతుంది. అందుకే అడ్రినలిన్ సిరంజిలో ఎక్కించి పక్కన పెట్టుకునే మొదలుపెడతాం. అంటే మేమూ తెగించే పని చేస్తాం, కాకపోతే రెండు పక్కలా ఏం పోతుందో చూసుకుని చేస్తాం. కుర్రవాడి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కొన్ని వారాలు డయాలసిస్ మీద ఉండి బతికి ఇంటికి పోయాడు.

రెండు పక్కలా ఏం పోతుందో రోగి కూడా చూసుకోవాలి. అలా చూసుకోవాల్సి వచ్చిన మనిషి కడప జిల్లా వేంపల్లి వైపు రైతు. యాభై దాటాయి. గట్టు ఎక్కితే గుండెలో పట్టేసినట్టుంటోందని వచ్చాడు. యాంజియోగ్రామ్‌లో గుండె ఎడమవైపుకు రక్తం తెచ్చే ప్రధాన నాళం మొదట్లోనే సన్నబడిపోయి ఉంది. బైపాస్ చేయించుకోమన్నాను. ఖర్చు అడ్డు కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద చేస్తారు (పేరు ప్రభుత్వంతోపాటు మారుతుంటుంది గానీ పథకం ఉంది).

ఈయన భయస్థుడేమీ కాదు. టెంకాయ అరచేతిలో పెట్టుకుని నీటి జాడ చూసేవాడు ఒకసారి, మిషన్‌తో వచ్చినవాడు ఒకసారి పాయింటు పెడితే, వెయ్యి అడుగులదాకా బోర్లు దింపించినవాడు. ఎక్కువసార్లు దుబ్బే లేచింది. అలాంటివాడు నన్నడిగాడు: "ఆపరేషన్‌కు గ్యారంటీ ఇస్తారా సార్?"

"పాయింటు పెట్టినాయన ఇచ్చినాడా గ్యారంటీ?" అన్నాను.

నవ్వాడు. "బోరు పోతే అప్పు మిగుల్తాది సార్. నేనుంటే ఎట్లోకట్ల తీరుస్తా. నేనే పోతే ఆ అప్పు ఎవురు తీర్చల్ల?"

మా పుస్తకాల్లో శాతాలుంటాయి గానీ ఈ మాట ఉండదు. ఓడితే మళ్ళీ ఆడగలిగిన ఆటకు ఎంతైనా తెగించవచ్చు. ఒక్కసారి ఓడితే ఆడేవాడే మిగలని చోట మనిషి వెనక్కి తగ్గడం పిరికితనం కాదు. వానదేవుణ్ణి నమ్ముకుని సేద్యం చేసేవాడికి ఈ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు.

అప్పటిదాకా గోడవారగా నిలబడిన ఆయన భార్య అడిగింది: "చేయించుకోకుంటే ఏమైతాది సార్?"

చెప్పాను. ఆ నాళం మూసుకుంటే ఆసుపత్రి దాకా రావడమే కష్టం. మాత్రలతో నెట్టుకొచ్చినవాళ్ళకంటే ఈ జబ్బులో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే ఎక్కువకాలం బతుకుతారని 1970లలోనే అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో రెండు రకాలవాళ్ళనూ పోల్చి తేల్చారు. ఈయనలాంటి మనిషికి ఆపరేషన్‌లో ప్రాణం పోయే ప్రమాదం నూటికి ఒకరిద్దరికి.

"అయితే రెండు పక్కలా భయమే ఉండాది. యాడ తక్కువో ఆడికే పోదాం" అంది ఆమె భర్తతో.

శెనక్కాయ పీకేదాకా ఆగుతానని ఆయన బేరమాడాడు. నేను ఒప్పుకోలేదు. సేద్యం బావమరిది చూసుకున్నాడు, ఆపరేషన్ జరిగింది. మరుసటి ఏడాది చెకప్‌కు వచ్చి ఇంకో బోరు వేయించానని చెప్పాడు. అందులోనూ నీళ్ళు పడలేదట.

ఆ నూటికి ఒకరిద్దరు ఎక్కడో లేరు, వాళ్ళనూ చూశాను. అన్నీ అడిగి, అన్నీ తెలుసుకుని సంతకం పెట్టిన ఒక పెద్దాయన ఆపరేషన్ తర్వాత లేవలేదు. కోయించుకోకుంటే ఇంకో పదేళ్ళు బతికేవాడని ఊరంతా అంది. కర్మాంతరం అయ్యాక కొడుకు వచ్చి, "మేం తప్పు చేసినామా సార్" అనడిగాడు. చేయలేదన్నాను. ఆ రోజు తెలిసినదాన్నిబట్టి అది సరైన నిర్ణయమే. చెడ్డ ఫలితం వచ్చినంతమాత్రాన నిర్ణయం చెడ్డదైపోదు. తెల్లారేదాకా పసరుతో కూర్చుని బతికిపోయినవాడి నిర్ణయం మంచిదీ కాదు.

డాక్టరు ఆపరేషన్ అనగానే ఎంతవుతుంది, ఎన్ని రోజులుండాలి అని అడుగుతారు. చేయించుకోకుంటే ఏమవుతుందో కూడా అడగండి. చెప్పేదాకా కుర్చీలోంచి లేవకండి. పాము కరిస్తే మాత్రం అడగడానికేమీ లేదు. కట్టు బిగించకండి, కోయకండి, కాలు కదలనివ్వకండి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి రండి. విషానికి విరుగుడు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు.