రెండు లా హోయాలు

శాన్ డియాగో వెళ్ళినవారు సాధారణంగా సముద్రమును, జంతుప్రదర్శనశాలను చూచి తిరిగివస్తారు. మేమూ చూచాము. వాటిని గురించి ఇదివరకే ఎందరో వ్రాసినారు గనుక మళ్ళీ మేము వ్రాయనక్కరలేదు. మా మనసులో నిలిచిపోయినది పాలోమార్ కొండ. ఆ కొండకు పోయే దారులు రెండు. ఒకటి కారు వెళ్ళేది. రెండవది కంటికి కనిపించనిది. ఈ రెండవదాని కోసమే ఈ నాలుగు మాటలు.

కాలిఫోర్నియా రాష్ట్రపు దక్షిణపు కొసన ఉన్న ఆ నగరములో మా తమ్ముని కొడుకు కాపురముంటున్నాడు. ఇల్లు లా హోయా అనే పేటకు దగ్గర. ఇంగ్లీషు అక్షరాలు చూచి దానిని మేము "లా జొల్లా" అని చదివి మొదటిరోజే నవ్వులపాలైనాము. స్పానిష్ పేరు గనుక హోయా అనాలట! సముద్రపు గట్టు మీద ధనవంతుల మేడలు, వాటికి ఎగువన యూకలిప్టస్ తోపుల మధ్య విశ్వవిద్యాలయము. అక్కడ గజము నేల ధర చెబితే మన బెంగుళూరువారు కూడా నోరు తెరుస్తారు.

"పెదనాయనా, రేపు కొండకు పోదాము" అన్నాడు మావాడు. కొండ అనగానే మా ఇంటావిడకు దేవుడు గుర్తుకు వచ్చాడు. "అక్కడ ఏ స్వామిరా?" అని అడిగింది. "స్వామి లేడు పెద్దమ్మా, పెద్ద అద్దము ఉన్నది" అన్నాడు వాడు. అయినా ఆవిడ తెల్లవారుజామునే లేచి పులిహోర కట్టింది. ఆ సంగతి తరువాత మాకు మేలే చేసింది. కొండ మీద తిండి దొరకడము కష్టము.

ఉత్తరముగా పెద్ద రోడ్డు మీద పోయి తూర్పుకు తిరిగితే పాలా అనే ఊరు వస్తుంది. 1816లో స్పెయిన్ దేశపు పాదరీలు స్థాపించిన చర్చి ఇంకా అక్కడ ఉన్నది. ఆ తరువాత పౌమా లోయ, ఇరుపక్కల నారింజ తోటలు, అవకాడో తోటలు. దారి పొడుగునా "రిజర్వేషను" అని బోర్డులు. మన దేశములో ఆ మాటకు వేరే అర్థము. అక్కడ ఆదివాసులకు మిగిల్చిన భూమి అని అర్థము. పాలా రిజర్వేషను, రిన్‌కన్ రిజర్వేషను దాటినాము. కొండ మలుపు దగ్గరకు వచ్చేసరికి "లా హోయా రిజర్వేషను" అన్న పేరు కనిపించింది. ఇదేమి, తిరిగి మొదటికే వచ్చామా అనుకున్నాము. సముద్రపు గట్టు లా హోయాకు, ఈ కొండ లా హోయాకు మధ్య దూరము కాకులు ఎగిరే దారిన సుమారు 35 మైళ్ళు. పేరు ఒకటే. మేడలు మాత్రము ఇక్కడ లేవు.

పాలాలో ఉన్న కూపేన్యో జాతివారు అక్కడికి తమంతట తాము వచ్చినవారు కారు. భూమి కేసు కోర్టులో ఓడిపోగా, 1903లో వారిని తాతముత్తాతల ఊరి నుంచి బండ్ల మీద తీసుకువచ్చి ఇక్కడ దింపినారు. మన కుటుంబాలు కూడా ఏ తరములోనో ఊరు విడిచి వచ్చినవే. కాని చాలావరకు మనము పొట్ట చేతబట్టుకొని వచ్చాము గాని, మనలను ఎవరూ బండ్లెక్కించి పంపలేదు. ఈ తేడా తలచుకొని కాసేపు కారులో ఎవరమూ మాట్లాడలేదు.

అక్కడి నుంచి ఘాటు రోడ్డు. తిరుమల మలుపులు ఎక్కినవారికి భయము లేదు గాని, మావాడి సెల్‌ఫోను మాత్రము సగము దారిలో మూగపోయింది. ఈ దారిని తొలుత వేసినది మనుషుల కోసము కాదు, అద్దము కోసము. పాలోమార్ వేధశాలలోని దూరదర్శిని అద్దము 200 అంగుళాల వెడల్పు, పదునాలుగున్నర టన్నుల బరువు. పసాదెనాలో ఏండ్ల తరబడి అరగదీసి, 1947 నవంబరులో ఈ దారి వెంట లారీలో పైకి చేర్చినారు. 1948 జూన్‌లో దూరదర్శినికి ప్రారంభోత్సవము జరిగింది. అద్దము ఒక్కసారే ఎక్కింది. దారి మాత్రము కొండ మీద కాపురమున్నవారికందరికీ దక్కింది.

సుమారు 135 అడుగుల ఎత్తున్న తెల్లని గుమ్మటములోకి వెళ్ళి, గాజు తెర వెనుక నిలబడి ఆ యంత్రమును చూచాము. రాత్రి సందర్శకులకు ప్రవేశము లేదు. చూచే శాస్త్రజ్ఞులు మాత్రము ఎక్కడున్నారు అని అడిగితే, చాలామంది ఇప్పుడు కొండకే రారని తెలిసింది. మాకు ఇది అంత కొత్త కాదు. మన బెంగుళూరుకు 30 కిలోమీటర్ల చిల్లరలో ఉన్న హోసకోటెలో కూర్చొని, లడఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హాన్లే దూరదర్శినిని 2001 నుంచి ఉపగ్రహము ద్వారా నడుపుతూనే ఉన్నారు గదా. హోసకోటె సంతకు వెళ్ళే మనవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసునో!

పూర్వము ఫోటో పలకలను, తరువాత టేపులను కారులో పెట్టుకొని పాలోమార్ దిగేవారు. 2003లో పక్కనున్న 48 అంగుళాల దూరదర్శినికి ఒక కెమెరా బిగించినారు. దాని ఒక్క బొమ్మలో 16 కోట్ల 10 లక్షల చుక్కలు. చుక్కకు 16 బిట్లు, అంటే పదహారు ఒకట్లో సున్నలో, వేసుకొని మేము పులిహోర పొట్లము మీదనే లెక్క కట్టాము. ఆనాటి ఇంటి టెలిఫోను తీగ మీద ఒక బొమ్మ కొండ దిగడానికి ఇంచుమించు 13 గంటలు పడుతుంది. తెల్లవారిపోతుంది! సెకనుకు నాలుగున్నర కోట్ల బిట్లు పోయే దారి ఉంటే ఒక్క నిమిషము చాలు.

అటువంటి దారినే 2000 సంవత్సరములో విశ్వవిద్యాలయమువారు మొదలుపెట్టినారు. పెట్టుబడి అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థది. పూనుకున్నవారు ఇద్దరు. హాన్స్-వెర్నర్ బ్రౌన్ గారు అంతకుముందు మిషిగన్‌లో ఉండి, దేశములోని విశ్వవిద్యాలయాలను కలిపిన ఎన్.ఎస్.ఎఫ్.నెట్ నిర్మాణములో పనిచేసినవారు. ఫ్రాంక్ వెర్నన్ గారు భూకంపాలను పరిశీలించే శాస్త్రజ్ఞులు. 1988లో దేశమంతటికీ వెన్నెముకగా వేసిన తీగలో సెకనుకు పోయినవి 15 లక్షల బిట్లు. పన్నెండేళ్ళు తిరిగేసరికి ఈ కొండల కోసము అంతకు ముప్పై రెట్ల దారి వేయబూనినారు, అదీ తీగ లేకుండా. పేరు మాత్రము కొండవీటి చాంతాడు: హై పెర్ఫార్మెన్స్ వైర్‌లెస్ రీసెర్చ్ అండ్ ఎడ్యుకేషన్ నెట్‌వర్క్.

రాతి కొండలు తవ్వి తీగ వేయడము తలకు మించిన పని. అందుచేత శిఖరము నుంచి శిఖరానికి రేడియో వేసినారు. పూర్వము కొండకోటలలో ఒక బురుజు మీద కాగడా చూపితే, అది చూచి పక్క కోటవారు తమ కాగడా ఎత్తేవారట, ఇదీ అంతే. ఒక స్తంభము మీది పళ్ళెము రెండవ స్తంభము మీది పళ్ళేనికి ఎదురుగా కనబడాలి. నడుమ చెట్టు పెరిగినా చిక్కే. కరెంటు లేని శిఖరాల మీద సూర్యరశ్మి పలకలు, బ్యాటరీలు పెట్టినారు. ఆ బరువు మోసుకొని ఎక్కి, గాలిలో నిలబడి మరలు బిగించినవారి పేర్లు ఏ ఖగోళ గ్రంథములోనూ ఉండవు.

ఫలితము కనిపించింది. 2011 ఆగస్టు 24న ఆ 48 అంగుళాల దూరదర్శిని తీసిన బొమ్మలు బర్కిలీవారి కంప్యూటర్లకు చేరినాయి. 2 కోట్ల 10 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఒక నక్షత్రము పేలిన వెలుగు, మనకు అందడము మొదలైన సుమారు 11 గంటలకే వాటిలో పట్టుబడింది. అదే బొమ్మలు టేపులో ఎక్కి కారులో దిగి ఉంటే? ఈ దూరదర్శినితో అటువంటి వెదుకులాటను నడిపించిన శ్రీనివాస్ కులకర్ణి గారు మన హుబ్బళ్ళిలో పెరిగినవారే అని తెలిసి, కర్ణాటకవాసులము గనుక మాకు కొంచెము గర్వము కలిగింది.

ఇక అసలు సంగతికి వస్తాము. కాలువ చేను పక్కనుంచే పోతున్నా, తూము లేకపోతే చేనుకు నీరు రాదు. రైతుబిడ్డలకు చెప్పవలసిన మాట కాదు ఇది. నక్షత్రాల బొమ్మలు రెండు లా హోయాల మధ్య ఆకాశములో పోతూ ఉండగా, కింద రిజర్వేషనులో పిల్లలు పాఠము వెదుక్కోవడానికి పట్నము దిగవలసి వస్తే అది ఎంత విడ్డూరము! ఇక్కడ తూము పెట్టినారు. పాలా, రిన్‌కన్, లా హోయా రిజర్వేషనుల చదువుల కేంద్రాలకు మొదటి సంవత్సరాలలోనే ఈ రేడియోను దింపినారు. మాకు నచ్చినది ఆ తరువాత జరిగినది. 2001లో ఆదివాసీ నాయకుల సంఘము వేరే నిధులు తెచ్చుకొని "ట్రైబల్ డిజిటల్ విలేజ్" పేరిట తమ స్తంభాలు తామే నాటుకోవడము మొదలుపెట్టింది. తూము పెట్టించుకొని ఊరుకోలేదు, తమ కాలువ తామే తవ్వుకున్నారు.

దిగేటప్పుడు చెట్ల కొనల పైన ఒక ఇనుప స్తంభము కనిపించింది. "ఇటువంటి వాటి మీదనే కెమెరాలు కూడా ఉంటాయి, పెద్దమ్మా. మంట లేస్తే కనిపెట్టడానికి" అన్నాడు మావాడు. అంతవరకు హుషారుగా ఉన్నవాడు ఆ మాటతో తగ్గిపోయాడు.

అక్టోబరులో ఎడారి నుంచి సముద్రము వైపుకు పొడిగాలి వీస్తుంది. శాంటా ఆనా అంటారు. 2003లో ఆ గాలికి లేచిన సీడర్ మంటలు 2 లక్షల 73 వేల ఎకరాలను కాల్చి, 15 మందిని పొట్టన పెట్టుకున్నాయి. 2007 అక్టోబరు 23న లా హోయా రిజర్వేషనులోనే ఒక ఇంటి నుంచి మంట లేచింది. అక్కడ చాలా ఇళ్ళు పోయాయి. మంట కొండ ఎక్కింది. వేధశాలను ఖాళీ చేయించినారు. అదృష్టవశాత్తు గుమ్మటాలకు ముప్పు రాలేదు. 2003 జూలైలో వచ్చిన మరొక మంటప్పుడే, ఆర్పేవారి మకాముకు ఈ విశ్వవిద్యాలయమువారు హడావిడిగా రేడియో దారి వేసి ఇచ్చినారు. నక్షత్రాలకని వేసినది మంటకు పనికివచ్చింది. శిఖరాల కెమెరాలను ఇప్పుడు అగ్నిమాపకదళమే కాదు, ఎవరైనా ఇంట కూర్చొని చూడవచ్చును.

మావాడి భార్య ఆ గాలి రోజులలో పొయ్యి కట్టేసి, పిల్లలను పడుకోబెట్టి, ఫోనులో నాలుగు శిఖరాలూ చూచి గాని నిద్రపోదట. గుమ్మము దగ్గర ఒక సంచి సిద్ధముగా ఉంటుంది. పాసుపోర్టులు, పిల్లల మందులు, పెళ్ళి ఫోటోలు. ఆ సంచి మేము వెళ్ళిన రోజే చూచాము. ప్రయాణపు సంచి కాబోలునని అడగలేదు.

మేము బెంగుళూరు తిరిగివచ్చి మూడు నెలలైనది. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే, వేసవి గడియారము ప్రకారము అక్కడ ఉదయము ఎనిమిది. భోజనాలైన తరువాత మా ఇంటావిడ ఫోను తెచ్చి పాలోమార్ కెమెరా పెట్టమంటుంది. మొన్న చూస్తే లోయ అంతా తెల్లగా కమ్ముకొని ఉన్నది.

"అది మంచే గదా? పొగ కాదు గదా?" అని అడిగింది.

మేము కళ్ళజోడు సవరించుకొని దగ్గరకు పెట్టి చూచాము. మంచే.