తిట్టునందలి శిల్పము

కోపము వచ్చినప్పుడు తిట్టుట ఎల్లవారికిని చేతనగును; కోపమేమియు లేక, తిట్టు తిన్నవాడే ముందుగా నవ్వి, అంతకు మించిన తిట్టొకటి అప్పటికప్పుడు కల్పించి అప్పగించునట్లు తిట్టుటకు మాత్రము భాషపై మక్కువ కావలెను. ఎలిజబెత్తు రాణి కాలపు ఆంగ్లనాటకములలో నాకు మిక్కిలి ప్రీతికరమైనది ఈ విద్యయే.

1598లో అచ్చుపడిన షేక్స్పియరు ‘నాల్గవ హెన్రీ’ మొదటి భాగమునందు, లండను నగరపు ఈస్టుచీపు పానశాలలో జరుగు రంగమొకటి కలదు. దారిదోపిడి చేసి, ఆ సొమ్మును మారువేషములలో వచ్చిన ఇరువురికి విడిచిపెట్టి పరుగెత్తివచ్చిన స్థూలకాయుడు ఫాల్‌స్టాఫు, తన్నెదిర్చినవారి సంఖ్యను రెండునుండి పదునొకండునకు పెంచుచు గొప్పలు చెప్పుచుండగా, ఆ మారువేషధారులలో ఒకడైన యువరాజు హాలు ఓరిమి వీడి, మంచములు విరుగునట్లు పడుకొనువాడని, గుర్రముల నడుములు విరుచువాడని, మాంసపు కొండయని అతని దేహభారమునే పట్టుకొని తిట్టును. ముదుసలి వెనుదీయునా? యువరాజు బక్కపలుచని మేనును ఎగాదిగ చూచి, ఎండుచేప మొదలు దర్జీవాని గజపుబద్ద వరకు, సన్ననివియు ఎండినవియు ఐన వస్తువులనెల్ల ఏరి తెచ్చి అతనిపై గుమ్మరించును. నడుమ ఆయాసము వచ్చినదని చూచి, కొంత ఊపిరి పీల్చుకొని మరల మొదలుపెట్టుమని యువరాజు తానే అవకాశమిచ్చును. ఆ అవకాశమిచ్చుటయందే వారి స్నేహమంతయు నాకు కానవచ్చుచున్నది.

ఆ తిట్లలో ఏ ఒక్కటియు తారుమారు చేసినచో అతుకదు. లావైనవానివి లావైనవానికే, బక్కవానివి బక్కవానికే. రెండు మాటలను మన బహువ్రీహివలె ఒకే విశేషణముగా బిగించు స్వేచ్ఛ ఆనాటి ఆంగ్లమున పుష్కలముగా నుండుటచే, ఒక్క పెన్నీ చెల్లించి రంగస్థలము ముందు నిలిచి చూచు సామాన్యునికి సైతము బొమ్మ కట్టినట్లు తోచునంతటి బిగువు ఆ తిట్లకు అలవడినది.

‘లియరు రాజు’ నాటకమున కెంటు ప్రభువు ఆస్వాల్డను సేవకునిపై కురిపించు తిట్లదండకము ఇంతకంటె దీర్ఘమైనదే. కాని అది నిజమైన రోషము, ఎదుటివానికి బదులాడు సత్తువ లేదు, ఆ రంగము ముగియునప్పటికి కెంటు కాళ్లు బొండలో బిగింపబడును. దానిని మెచ్చుకొందునే గాని, పానశాలలోని ఉల్లాసమును అందు వెదకను.

1606లో పార్లమెంటు ఒక శాసనము చేసి, రంగస్థలమున దైవనామమును పరిహాసముగా పలికినవారికి పది పౌనుల జుల్మానా విధించెను. 1623లో వెలువడిన షేక్స్పియరు నాటకసంపుటమున ఫాల్‌స్టాఫు నోటి ఒట్లు పెక్కులు ఎగిరిపోయినవి. తిట్లు మాత్రము చెక్కుచెదరలేదు; చేపను, బద్దను, మంచమును ఆశ్రయించిన కల్పనకు దేవుని పేరుతో పనియేమి?

నేడు ఆంగ్లపాఠశాలలలో పాతమాటలను మూడు వరుసలుగా వ్రాసియిచ్చి, వరుసకొక్కటి చొప్పున కలిపి తిట్లు కూర్చుమని పిల్లలను ప్రోత్సహించుట కలదు. పిల్లలు నవ్వుదురు, నోరు తిరుగును, అంతవరకు మేలే. కాని పట్టికలోని తిట్టు ఎవరికైనను సరిపోవును గనుక, ఎవరికిని సరిగా తగులదు. ఈ విద్యపై ఆసక్తిగల పాఠకులు ‘నాల్గవ హెన్రీ’ మొదటి భాగమున ఆ పానశాల రంగమును, అనగా రెండవ అంకపు నాల్గవ రంగమును, తెరచి, తగిన మిత్రునొకనిని ఎదుట కూర్చుండబెట్టుకొని, పాత్రలు పంచుకొని, గొంతెత్తి చదువుదురు గాక.