ధర్మసాగర్ కట్ట మీద జపాన్ ముచ్చట్లు

హనుమకొండ నుంచి ఓ పదిహేను కిలోమీటర్లు వెళ్తే ధర్మసాగర్. ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది చెరువే. చెరువు అనడం అలవాటు కొద్దీ గానీ, ఇప్పుడది రిజర్వాయరు. ములుగు జిల్లా గంగారం దగ్గర గోదావరిలో తోడిన నీళ్లు భీంఘన్‌పూర్, పులుకుర్తి మీదుగా పైపుల్లో ఎక్కివచ్చి ఇక్కడ సేదతీరతాయి. దేవాదుల ఎత్తిపోతల పథకం పుణ్యం! వరంగల్ నగరం తాగే నీళ్లలో వీటికీ వాటా ఉంది. కట్ట మీద నిలబడితే ఒకవైపు కంటి నిండా నీళ్లు, ఇంకోవైపు పొలాలు. మండలంలోనే దేవునూరు వైపు వెళ్తే ఇనుపరాతి గుట్టలు, అడవి. వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి చూసి తిరిగిపోయేవాళ్లు ఇంత దగ్గర్లో ఇంత నీరుందని తెలియకుండానే రైలెక్కేస్తుంటారు.

పొద్దు వాలాక ఇక్కడి గాలి కోసం జనం వస్తారు. వాళ్లలో కుర్రాళ్ల కబుర్లు వింటే మాత్రం పెద్దవాళ్లకు ఒక్క ముక్కా అర్థం కాదు. ఎరెన్, లూఫీ, తంజిరో... ఏ ఊరి పిల్లలు వీళ్లంతా? జపాన్ వాళ్లు! యానిమే అని పిలుచుకునే జపాన్ బొమ్మల సీరియళ్లలోని పాత్రలు. ‘అంటే కార్టూన్లా?’ అన్నారో, చిన్నబుచ్చుకుంటారు.

ఆ గుంపులో రోజూ హనుమకొండకు బస్సులో వెళ్లి డిగ్రీ చదువుకునే కుర్రాడొకడున్నాడు. ఏది చూడాలో, ఏది రెండు భాగాలకే ఆపేయాలో తేల్చే పని మిగతావాళ్లు అతనికే అప్పగించేశారు. అతని తీర్పులు కొన్ని ఒప్పుకోవచ్చు, కొన్నిటితో దెబ్బలాడొచ్చు. కానీ అన్నీ ఈ ఊరి గట్టున కూర్చుని చేసినవే!

మట్టికోట దాటి...

అతని లెక్కలో మొదటి స్థానం ‘ఎటాక్ ఆన్ టైటన్’ది. మనుషుల్ని తినే రాక్షసాకారాలకు భయపడి జనమంతా మూడు పెద్ద ప్రాకారాల లోపల బతుకుతుంటారు. గోడ అవతల ఏముందో చూడాలన్నది ఎరెన్ అనే పిల్లాడి కోరిక. ఒకరోజు గోడకంటే ఎత్తైన రాక్షసుడొకడు వచ్చి ద్వారాన్ని తన్ని పగలగొడతాడు. అక్కడ మొదలైన కథ 2013 నుంచి 2023 దాకా పదేళ్లు నడిచింది.

‘ఒక కోట చుట్టూ ఇంకో కోట అంటే మనకు కొత్తా?’ అంటాడా కుర్రాడు. నిజమే! ఓరుగల్లులో లోపల రాతికోట, దాని చుట్టూ మట్టికోట, ఆ వెలుపల ఇంకో మట్టికట్ట. గణపతిదేవుడు మొదలుపెట్టి, రుద్రమదేవి బలపరిచిన కట్టడాలివి. 1310లో మాలిక్ కాఫుర్ ముట్టడిస్తే ముందు పోయింది మట్టికోటే. లోపలి కోటలో ఉన్న ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకోవాల్సి వచ్చింది. 1323లో ఉలుగ్ ఖాన్ సేనల ముందు ఆ లోపలి కోట కూడా నిలవలేదు. చిన్నప్పుడు బడివాళ్లు తీసుకెళ్తే ఖిలా వరంగల్‌లో కీర్తితోరణాల దగ్గర ఫొటో దిగడమే తప్ప గోడల సంగతి పట్టలేదట అతనికి. ఈ సీరియల్ చూశాక మళ్లీ వెళ్లి, మట్టికోట గట్టు మీద నిలబడి వచ్చాడు. చరిత్ర పాఠం చేయలేని పని బొమ్మల కథ చేసిందన్నమాట!

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఈ కథ రాసి, బొమ్మలు వేసిన హజిమే ఇసయామాది క్యుషు దీవిలోని హిటా నగరం. అందులో ఒయామా అనే కొండల మధ్య ప్రాంతంలో పెరిగాడు. చుట్టూ కొండలే గోడల్లా ఉండేవి, వాటి అవతల ఏముందో చూడాలనిపించేదని ఆయన చెప్పుకున్నాడు. 2020 నవంబరులో అక్కడి ఒయామా డ్యాం ముందు ముగ్గురు పిల్లల కంచు విగ్రహాలు పెట్టారు. ఎరెన్, మికాసా, అర్మిన్... ముగ్గురూ తలెత్తి డ్యాం గోడనే చూస్తూ ఉంటారు, అవతల నుంచి రాక్షసుడు తొంగిచూస్తాడేమో అన్నట్టు. వాటిని చూడటానికి అభిమానులు పనిగట్టుకుని ఆ కొండల్లోకి వెళ్తారు. ఇలా కథల్లోని చోట్లను వెతుక్కుంటూ తిరగడానికి జపనీయులు పెట్టుకున్న పేరుకు ‘పుణ్యక్షేత్ర యాత్ర’ అనే అర్థం. డ్యాం ఒక్కటే ఉంటే ఎవరు వెళ్తారు? కథ తోడైంది కాబట్టి వెళ్తున్నారు. ధర్మసాగర్‌కు నీళ్లున్నాయి, గట్టుంది, గోదావరిని కొండెక్కించిన కథా ఉంది. బొమ్మ గీసేవాడే ఇంకా రాలేదు.

సీరియల్ ముగింపు మీద మాత్రం కట్ట మీద రెండు పార్టీలు. గోడ దాటాలని కలగన్న పిల్లాడే చివరికి లోకాన్ని తొక్కేయడానికి సిద్ధపడటం సగంమందికి మింగుడుపడలేదు. మన కుర్రాడు రచయిత పక్షం. శత్రువు ఇంట్లోనూ అన్నం ఉడుకుతుందని చూపించాక, ఇక హీరోను హీరోగా మిగల్చడం అబద్ధమవుతుందని అతని వాదన. డిగ్రీ కుర్రాడికి ఇంత ఆలోచన అవసరమా అనుకోవచ్చు గానీ, మాటలో పస ఉంది.

మిగతావాటి మీద తీర్పులు చకచకా వచ్చేస్తాయి. ‘డ్రాగన్ బాల్ జెడ్’లో అయిదు నిమిషాల్లో పేలిపోతుందన్న గ్రహం భాగాలకు భాగాలు పేలకుండానే ఉంటుంది, కాబట్టి చిన్నపిల్లలకు ఓకే. ‘నరుటో’ మొదటి సిరీస్ చివర్లో ఎనభై చిల్లర భాగాలు సాగదీత, దూకేయొచ్చు. ‘డెత్ నోట్’ 37 భాగాల్లో 25 దాకా అద్భుతం, తర్వాత చప్పబడింది. 1999లో మొదలై వెయ్యి భాగాలు దాటిన ‘వన్ పీస్’ జోలికి పరీక్షల ముందు పోకూడదు.

మెచ్చుకున్నవాటిలో ఎవరూ ఊహించని పేరొకటుంది... ‘సిల్వర్ స్పూన్’. పట్నం పిల్లాడొకడు హొక్కైడోలోని వ్యవసాయ బడిలో చేరతాడు. బక్కపలచని పందిపిల్లను చేరదీసి పెంచుతాడు. అది పెరిగాక కోతకు పంపక తప్పదు! రచయిత్రి హిరోము అరకావా పాడి రైతుల ఇంటి బిడ్డ కాబట్టి ఎక్కడా బూటకం లేదు. ప్రేమగా సాకిన మేకపోతు పండగనాడు ఏమవుతుందో తెలిసిన ఊళ్లో దాన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

సీరియల్ కాకపోయినా, 2016లో వచ్చిన మకోటో షింకాయ్ సినిమా ‘యువర్ నేమ్’ పేరు తేకుండా అతను ఊరుకోడు. చెరువు ఒడ్డున చిన్న ఊరు. అక్కడి అమ్మాయికి ఊరంటే విసుగు, టోక్యో అంటే పిచ్చి. ‘కాఫీ తాగడానికి వెళ్దామా’ అని స్నేహితుడు తీసుకెళ్తాడు. తీరా చూస్తే రోడ్డు పక్కన డబ్బాల యంత్రం, ఒక బెంచీ! ఈ సీన్ దగ్గర కట్ట మీద నవ్వులే నవ్వులు. రెండోసారి చూసినప్పుడు మాత్రం నవ్వు రాలేదట. ఆ ఊరు ఏమవుతుందో అప్పటికి తెలుసు కదా!

గా పిల్లను పెట్టెల ఎందుకు పెట్టిండు?

అతని ఇంట్లో ఈ అభిమానం కొత్తదేమీ కాదు. తొంభైల్లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో వచ్చిన ‘జంగిల్ బుక్’ కోసం వాళ్ల బాపు ఎదురుచూసేవాడు. మోగ్లీ పాట గుల్జార్ రాసింది, షేర్‌ఖాన్ గొంతు నానా పాటేకర్‌ది. ఆ బొమ్మలు 1989లో జపాన్‌లో తయారయ్యాయని ఆయనకు మొన్నమొన్నటిదాకా తెలియదు. హిందీ సగమే అర్థమయ్యేది, మిగతా సగం బొమ్మలు చెప్పేవి. కొడుకు జపాన్ మాటలు వింటూ, కింద ఇంగ్లిష్ అక్షరాలు చదువుకుంటూ చూస్తాడు. మధ్యలో మిగిలిపోయింది నాయనమ్మ. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్‌లోకి తలదూర్చిన మనవడు పక్కనే ఉన్నా లేనట్టే.

2025 జనవరిలో యుగో సాకో తీసిన ‘రామాయణ’ తెలుగు మాటలతో థియేటర్లకొచ్చింది. 1992 నాటి ఈ జపాన్-భారత్ సినిమా కొత్త రూపానికి విజయేంద్ర ప్రసాద్ చెయ్యి వేశారు. అదే ఏడాది సెప్టెంబరు 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ కూడా తెలుగులో విడుదలైంది. దానికి ముందు కథ తెలియాలి కదా! ఓ రాత్రి ఇయర్‌ఫోన్లు తీసేసి, గోడకు ఫోన్ ఆనించి, నాయనమ్మకు చెప్పడం మొదలుపెట్టాడు. బొగ్గులమ్ముకునే తంజిరో ఇంటికొచ్చేసరికి ఇంటిల్లిపాదీ చచ్చిపడి ఉంటారు. ప్రాణంతో మిగిలిన చెల్లెలు నెజుకో రక్కసిగా మారిపోతుంది. దాన్ని చంపనివ్వడు, పెట్టెలో పెట్టి వీపున మోసుకు తిరుగుతాడు.

‘గా పిల్లను పెట్టెల ఎందుకు పెట్టిండు బిడ్డా?’ అడిగిందామె. ఎండ తగిలితే కాలిపోతుందని చెప్పాడు. ‘అయితే మంచిదే. చెల్లెను ఇడిసిపెట్టలే’ అని సర్దుకుని కూర్చుంది.

ఇలా బొమ్మ చూపిస్తూ కథ చెప్పడం ఆమెకు తెలిసిన విద్యే. చేర్యాల ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనే ఉండేది, 2016 నుంచి సిద్దిపేటలో. అక్కడి నకాషీలు గుడ్డకు చింతగింజల జిగురు, తెల్లమట్టి పట్టించి, గడులు గడులుగా కథంతా గీసేవారు. కాకిపడగలవాళ్లు ఆ పటాన్ని విప్పుకుంటూ రాత్రుళ్లు పాండవుల కథ చెప్పేవారు. గడి తర్వాత గడి, రాత్రి తర్వాత రాత్రి... సీరియల్ కాక మరేంటి?

డబ్బింగ్ మీద మాత్రం నాయనమ్మ, మనవళ్లది ఒకే ఫిర్యాదు. అందరూ పుస్తకం చదువుతున్నట్టు మాట్లాడతారు. కొండ మీద బొగ్గులమ్మే పోరడు ‘నేను నిన్ను కాపాడతాను’ అంటాడా ఎక్కడైనా? మనవడు ఆ ముక్కలన్నీ వరంగల్ యాసలోకి మార్చి వినిపిస్తుంటే ఆమెకు నచ్చిందట. ఇప్పుడు సౌండు తగ్గించేసి అతన్నే చెప్పమంటోంది. ఇన్ఫినిటీ కాసిల్ మూడు సినిమాల్లో మొదటిదేనని చెబితే ఒప్పుకోలేదు. ‘నువ్వు బొమ్మలు చూసినవు గదా, తర్వాత ఏమైతదో నువ్వే చెప్పు’ అని పట్టుబట్టింది.